మత్తు డాక్టరు నిలబడే చోటు
అమెరికన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్‌కు బహిరంగ లేఖ

షామ్‌బర్గ్, ఇల్లినాయ్

సొసైటీ అధ్యక్షులకు, హౌస్ ఆఫ్ డెలిగేట్స్ సభ్యులకు,



1986 అక్టోబరు 21న మీ సంఘం ఒక చిన్న పత్రాన్ని ఆమోదించింది. మత్తు ఇచ్చినంతసేపూ రోగి ఊపిరినీ రక్తప్రసరణనూ ఎలా కనిపెట్టుకుని ఉండాలో అందులో రాశారు. 1990 వచ్చేసరికి పల్స్ ఆక్సీమీటర్ కూడా అందులో తప్పనిసరి అయింది. ఇవాళ ఖమ్మంలోనో కాకినాడలోనో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో సిజేరియన్ బల్ల మీద పడుకున్న అమ్మాయి వేలికి ముందుగా ఆ క్లిప్పు పెడుతున్నారంటే, దాని వెనక మీ పత్రం కూడా ఉంది. అలాంటి పత్రం ఇంకొకటి రాయమని అడగడానికే ఈ ఉత్తరం.

షికాగో వాయవ్యాన ఉన్న ఈ శివారు ఊళ్ళ ఆసుపత్రుల్లో ఫ్లోరోస్కోపీ యంత్రాలు నడపడం నా వృత్తి. మీ కేంద్ర కార్యాలయం ఉన్న అమెరికన్ లేన్ మా ఊళ్ళోదే. తెలుగులో రాయడానికి కారణముంది. మీ సభ్యుల్లో గుంటూరు, వరంగల్, కర్నూలు, విశాఖ వైద్య కళాశాలల్లో చదివి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు దీన్ని చదివి మీ ముందుకు తేవాలని నా ఆశ. ఇంకో కారణం, మీరిక్కడ రాసేది అక్కడి థియేటర్లకు చేరుతుంది. అక్కడ పనిచేసే మత్తు డాక్టర్లకూ ఇది తెలియాలి.

నేను కోరేది ఇదీ: ఎక్స్-రే వాడుతూ చికిత్స చేసే గదిలో అనస్థీషియా బృందానికి దొరకాల్సిన రేడియేషన్ రక్షణను మీ సంఘం ‘స్టాండర్డ్’ హోదాలో రాయాలి. మీ దగ్గర స్టాండర్డ్ వేరు, గైడ్‌లైన్ వేరు, స్టేట్‌మెంట్ వేరు. సలహాలు, వ్యాసాలు, పాఠాలు ఎన్ని ఉన్నా ఆసుపత్రి యాజమాన్యం బీరువాలో పెట్టుకుంటుంది. స్టాండర్డ్ అంటే మాత్రం పాటించాల్సిందే. పల్స్ ఆక్సీమీటర్ ప్రతి గదిలోకీ వచ్చింది ఆ హోదాతోనే.

ఈ లేఖ చదివే తెలుగువాళ్ళ కోసం పనితీరు కొంచెం చెప్పాలి. మామూలు ఎక్స్-రే ఒక్క క్షణం తీసే నిశ్చల చిత్రం. ఫ్లోరోస్కోపీలో ఎక్స్-రే సాగుతూనే ఉంటుంది. గుండె కొట్టుకోవడం, రక్తనాళంలో తీగ జరగడం, పిత్తనాళంలోకి రంగు మందు పాకడం అప్పటికప్పుడు తెర మీద కనిపిస్తాయి. ఎక్స్-రే ట్యూబు సాధారణంగా బల్ల కింద ఉంటుంది. కిరణాలు రోగి ఒంట్లోంచి పైకి వెళ్ళి, పైనున్న డిటెక్టర్ మీద పడతాయి. పాతకాలంలో డాక్టరు చీకటి గదిలో మసక తెర వంక నేరుగా చూసేవాడు. కళ్ళు చీకటికి అలవాటు పడాలని అంతకుముందు చాలాసేపు ఎర్ర అద్దాలు పెట్టుకుని తిరిగేవాడు. 1940ల చివర వచ్చిన ఇమేజ్ ఇంటెన్సిఫైయర్ ఆ చీకటిని పోగొట్టింది. ఈ శతాబ్దంలో దాని చోటులోకి ఫ్లాట్ ప్యానెల్ డిటెక్టర్లు వస్తున్నాయి. యంత్రాలిప్పుడు కిరణాలను ధారగా కాక పల్సులుగా వదులుతాయి. సెకనుకు 30 పల్సులకు బదులు 15, 7.5 పెట్టుకుంటే బొమ్మ కాస్త కుదుపుగా కనిపిస్తుంది కానీ మోతాదు ఎంతో తగ్గుతుంది. కాలిమేటర్ మూసి, చూడాల్సిన చోటుకే కిరణాలను కుదించినా తగ్గుతుంది. బొమ్మను పెద్దది చేసి చూస్తే పెరుగుతుంది. రోగి లావుగా ఉంటే బొమ్మ వెలుగు తగ్గకుండా యంత్రమే మోతాదును పెంచేసుకుంటుంది, ఎవరినీ అడగదు.

గదిలో ఉన్నవాళ్ళకు చేరేది ట్యూబులోంచి సూటిగా వచ్చే కిరణం కాదు. బండ మీద పోసిన నీళ్ళు చుట్టూ చిందినట్టు, రోగి ఒంటికి తగిలిన కిరణాలు నాలుగు దిక్కులకూ చెదురుతాయి. మా చదువులో నేర్పే మోటు లెక్క ప్రకారం, రోగి చర్మం మీద పడిన దాంట్లో దాదాపు వెయ్యో వంతు ఒక మీటరు దూరంలో ఉన్న మనిషిని చేరుతుంది. రెండు మీటర్ల దూరానికి వెళ్తే అది నాలుగో వంతుకు పడిపోతుంది. ఒక్క అడుగు వెనక్కి వేయడం ఎంత పనిచేస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది. చెదిరిన కిరణాలు ఎక్కువగా ఉండేది ట్యూబు వైపు. డిటెక్టర్ వైపు తక్కువ. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుని గది వైపు చూస్తే, మత్తు డాక్టరు ఎక్కడ నిలబడ్డాడన్నది పెద్ద ప్రశ్నగా మారుతుంది.

మెదడు రక్తనాళాల చికిత్స గదిని తీసుకుందాం. అక్కడ రెండు ట్యూబులు పనిచేస్తాయి. ఒకటి కింద, ఒకటి పక్కన. చికిత్స చేసే డాక్టరు రోగికి కుడివైపు, తొడ దగ్గర నిలబడతాడు. పక్క ట్యూబు చాలా గదుల్లో ఆయనకు అవతల, రోగికి ఎడమవైపు ఉంటుంది. డిటెక్టర్ ఆయన వైపు, ట్యూబు అవతలి వైపు అన్నమాట. ఆయనకు అది మంచిదే. అవతలి వైపున ఉండేది ఎవరు? మత్తు యంత్రం, మందుల బండి, వాటి పక్కన మీ సభ్యుడు. డాక్టరుకు పైకప్పు నుంచి వేలాడే సీసపు గాజు తెర ఉంటుంది, బల్ల అంచున కిందికి దిగే సీసపు పరదా ఉంటుంది. మీ సభ్యుడి వైపు చాలాచోట్ల ఒంటి మీదున్న సీసపు ఏప్రానే ఉంటుంది.

అసలు మోతాదు పెరిగేది డీఎస్ఏ చిత్రాలు తీసేటప్పుడు. రంగు మందు ఎక్కిస్తూ, సెకనుకు కొన్ని చొప్పున, వరసగా రికార్డు చేసే చిత్రాలవి. ఒక్కో చిత్రానికి మామూలు ఫ్లోరో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ పడుతుంది. అమెరికాలో ఫ్లోరో యంత్రానికి చట్టం ఒక పరిమితి పెట్టింది, నిమిషానికి 88 మిల్లీగ్రేలు. ప్రత్యేక హై-లెవెల్ మోడ్‌లో 176. చిత్రాలు రికార్డు చేసే సమయానికి ఆ పరిమితి వర్తించదు. అందుకే డీఎస్ఏ మొదలవబోతోందంటే మేమందరం గాజు గోడ వెనక్కి వెళ్ళిపోతాం. సరిగ్గా అప్పుడే ఒక మాట వినిపిస్తుంది: “ఊపిరి ఆపండి!” రోగి ఛాతీ కదిలితే చిత్రం చెడిపోతుంది కాబట్టి వెంటిలేటర్ ఆపాలి, చిత్రం పూర్తవగానే మళ్ళీ ఆన్ చేయాలి. ఆ బటన్ మీద చెయ్యి పెట్టాల్సిన మనిషి రోగి తల దగ్గరే ఉంటాడు. గది మొత్తం ఖాళీ అయిన క్షణంలో, రేడియేషన్ అన్నిటికంటే ఎక్కువగా ఉన్న క్షణంలో, అక్కడ మిగిలేది రోగి, మత్తు డాక్టరు. నా ఉద్యోగంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే దృశ్యం ఇది. గాజు వెనక నిలబడి చూస్తూ ఉండటం నాకెప్పుడూ అలవాటు కాలేదు.

రోగికి బీపీ పడిపోతే సిరంజీ పట్టుకుని దగ్గరికి వెళ్ళాల్సిందీ ఆయనే. 2011లో మీ పత్రిక ‘అనస్థీషియాలజీ’లోనే ఒక అధ్యయనం వచ్చింది. న్యూరో ఇంటర్వెన్షన్ గదుల్లో మత్తు డాక్టరు ముఖానికి ఎంత రేడియేషన్ చేరుతోందో కొలిచారు. మందులు ఎక్కువసార్లు ఇవ్వాల్సి వచ్చిన కేసుల్లో ఆ మోతాదూ పెరిగింది. రోగి పరిస్థితి విషమించిన కొద్దీ, ఎంత శ్రద్ధగా చూసుకుంటే అంత రేడియేషన్. కళ్ళకు రక్షణ కావాలని ఆ పరిశోధకులు రాశారు. అప్పటి నుంచీ ఎన్ని గదుల్లో మత్తు బండి పక్కన సీసపు అద్దాల కళ్ళజోడు వేలాడుతోంది?

కళ్ళ విషయం మరికాస్త చెప్పాలి. సీసపు ఏప్రాన్ కడుపును, ఛాతీని కాపాడుతుంది. అర మిల్లీమీటరు సీసానికి సమానమైన ఏప్రాన్ చెదిరిన కిరణాల్లో అత్యధిక భాగాన్ని ఆపేస్తుంది. కాలర్ థైరాయిడ్‌ను కాపాడుతుంది. తెర లేనిచోట కంటి కటకానికి కళ్ళజోడు తప్ప వేరే దిక్కు లేదు. కటకానికి రేడియేషన్ తగిలితే శుక్లం వస్తుందని ఎప్పుడో తెలుసు. కానీ అనుకున్న దానికంటే చాలా తక్కువ మోతాదుకే వస్తుందని తేలాక, 2011 ఏప్రిల్‌లో అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ పరిమితిని ఏడాదికి 150 మిల్లీసీవర్టుల నుంచి 20కి తగ్గించమంది, అదీ ఐదేళ్ళ సగటున. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వివిధ దేశాల్లో గుండె డాక్టర్లను, వాళ్ళు పనిచేసే క్యాథ్ ల్యాబ్ సిబ్బందిని పరీక్షించి, కటకంలో మచ్చలు వాళ్ళకు మామూలువాళ్ళకంటే ఎక్కువని చూపించింది. అమెరికా ఫెడరల్ నిబంధనల్లో మాత్రం ఇప్పటికీ 150 అనే ఉంది. చట్టం మారేదాకా ఆగకుండా వృత్తి సంఘం ముందడుగు వేయొచ్చు. 1986లో మీరు చేసింది అదే కదా.

ఇంకో చిక్కుముడి బ్యాడ్జీ, అంటే ఒంటికి తగిలిన మోతాదును కొలిచే డోసిమీటర్. ఏడాది పరిమితిలో పదో వంతు దాటే అవకాశం ఉన్నవాళ్ళకే దాన్ని ఇవ్వడం ఇక్కడ తప్పనిసరి. మత్తు డాక్టరు ఇవాళ మోకాలి ఆపరేషన్‌కు, రేపు ప్రసూతి వార్డుకు, ఎల్లుండి క్యాథ్ ల్యాబ్‌కు తిరుగుతుంటాడు. “మీకు అంత రాదులెండి” అని బ్యాడ్జీ ఇవ్వరు. బ్యాడ్జీ లేదు కాబట్టి ఎంత వచ్చిందో తెలియదు. ఎంత వచ్చిందో తెలియదు కాబట్టి ‘అంత రాదు’ అన్న మాటను కాదనేవాళ్ళు ఉండరు. నేను పనిచేసిన ఒక చోట ఒక యువ డాక్టరమ్మ బ్యాడ్జీ కోసం అడిగి అడిగి, చివరికి అడగడం మానేసింది. మాకు, అంటే టెక్నాలజిస్టులకు, ఉద్యోగంలో చేరిన రోజే బ్యాడ్జీ ఇచ్చారు. ఇద్దరం ఒకే గదిలో నిలబడతాం. ఆమె రోగికి నాకంటే దగ్గర.

తప్పు ఫలానా మనిషిదని చెప్పలేను. నిబంధనలన్నీ ఎక్స్-రే వదిలే పెడల్ మీద కాలున్న మనిషిని చూసి రాసినవి. ఆఖరి చిత్రం తెర మీద నిలిచి ఉండటం, మొత్తం మోతాదు కనిపించడం, ఐదు నిమిషాలకోసారి గంట మోగడం, ఇవన్నీ యంత్రం వాడే డాక్టరు కోసం. ఓక్‌బ్రూక్ టెర్రస్‌లో ఉన్న జాయింట్ కమిషన్, మనకు పొరుగునే, 2019 జనవరి నుంచి ఫ్లోరోస్కోపీ వాడేవాళ్ళకు ఏటా శిక్షణ ఉండాలంది. మంచి మాట. కానీ ఈ గదుల్లో మత్తు ఇచ్చే మీ సభ్యులు యంత్రాన్ని వాడరు, అది పనిచేస్తున్నంతసేపూ దాని పక్కన ఉంటారు. పెడల్ ఎప్పుడు నొక్కాలో నిర్ణయించేది వాళ్ళు కాదు, ఎప్పుడు వదలాలో చెప్పే హక్కూ వాళ్ళకు లేదు.

ఇలా పక్కన నిలబడ్డవాళ్ళ బాధ ఈ విద్య పుట్టినప్పటి నుంచీ ఉంది. 1896లో కాల్షియం టంగ్‌స్టేట్ తెరతో ఫ్లోరోస్కోపును జనం ముందుకు తెచ్చింది ఎడిసన్. రోజూ కిరణాల ముందు చేతులు పెట్టింది మాత్రం ఆయన సహాయకుడు క్లారెన్స్ డాలీ. పుండ్లు పడి, చేతులు తీసేయాల్సి వచ్చి, 1904లో చనిపోయాడు. ఎడిసన్ ఆ తర్వాత ఎక్స్-రే జోలికి పోలేదు. మన షికాగోలోనే ఎమిల్ గ్రుబే తొలినాళ్ళ నుంచీ ఎక్స్-రేతో పనిచేసి, చెయ్యి పోగొట్టుకుని, ఆపరేషన్ల మీద ఆపరేషన్లు చేయించుకుంటూ బతికాడు. అప్పటి మోతాదులు వేరు, ఇప్పటివి వేరు. ఎవరినీ భయపెట్టడానికి ఆ పేర్లు తలచుకోలేదు. యంత్రం ఎవరికి ఉపయోగపడుతుందో వాళ్ళ మీదే చూపు నిలుస్తుంది, పక్కన సాయం పడుతున్న మనిషి లెక్కలోకి ఆలస్యంగా వస్తాడు. నా బాధ అదీ.

మీ చరిత్రలోనే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. అమెరికన్ లేన్‌లోని మీ భవనంలోనే వుడ్ లైబ్రరీ-మ్యూజియం ఉంది. ఈథర్, సైక్లోప్రొపేన్ వాడిన రోజుల సామాను అలాంటి చోట చూసినప్పుడు నాకు ఒకటే తడుతుంది: అప్పట్లో ఒక్క నిప్పురవ్వకు థియేటర్ పేలిపోయేది. ఆ ప్రమాదాన్ని తప్పించడానికి నేలను విద్యుత్తు పారే పదార్థంతో మార్చారు, చెప్పులు మార్చారు, బట్టలు మార్చారు, ప్లగ్గులు ఎత్తుకు జరిపారు. మత్తు వాయువు తిరుగుతున్న గదిలో ఏ కరెంటు పరికరం ఎప్పుడు వాడొచ్చో మత్తు డాక్టరును కాదని నిర్ణయించే వీలు లేకపోయింది. 1956లో హాలోథేన్ వచ్చాక ఆ భయం తగ్గుతూ పోయింది, దాంతోపాటు గదిలో యంత్రాల మీద మీ మాట చెల్లే అలవాటూ పోయింది. అది మళ్ళీ రావాలి.

తెలుగునేల సంగతి కూడా మీకు తెలియాలి. 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలయ్యాక గుండె చికిత్సలు పేదవాళ్ళకూ అందాయి, జిల్లా పట్టణాల్లో క్యాథ్ ల్యాబులు వెలిశాయి. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పేరు చెబితే ఈఆర్‌సీపీ, అంటే ఫ్లోరోలో చూస్తూ పిత్తనాళానికి చేసే చికిత్స, చేసే ప్రపంచమంతా గుర్తుపడుతుంది. ఎముకల డాక్టరున్న నర్సింగ్ హోముల్లో చాలావాటిలో సీ-ఆర్మ్ ఫ్లోరో యంత్రం ఉంటుంది. ఇవన్నీ గొప్ప సంగతులే, ఇంకా పెరగాలి కూడా. చట్టమూ ఉంది. అణుశక్తి నియంత్రణ మండలి 1983 నుంచి పనిచేస్తోంది, రేడియేషన్ రక్షణ నిబంధనలు 2004లో వచ్చాయి, సిబ్బందికి టీఎల్‌డీ బ్యాడ్జీలున్నాయి. కానీ అక్కడి మత్తు డాక్టర్లలో చాలామంది ఏ ఒక్క ఆసుపత్రి ఉద్యోగులూ కారు. పొద్దున ఒక నర్సింగ్ హోమ్, మధ్యాహ్నం ఇంకొకటి, రాత్రి ఎమర్జెన్సీ వస్తే మూడోది. వాళ్ళ బ్యాడ్జీ ఎవరి ఖాతాలో ఉండాలి? ఏప్రాన్ ఎవరిది తొడుక్కోవాలి? మడతపెట్టి మడతపెట్టి లోపల సీసం పగిలిన ఏప్రాన్ మేకుకు వేలాడుతూ ఉంటుంది. పైకి బాగానే కనిపిస్తుంది, ఫ్లోరో కింద పెట్టి చూస్తేనే చీలికలు తెలుస్తాయి. మత్తు విభాగంలో పీజీ చేస్తున్న అమ్మాయిలు ఎంతోమంది. మగ సర్జన్ల కొలతకు కుట్టిన ఏప్రాన్ వాళ్ళ భుజం దగ్గర వదులై, చంక పక్కనుంచి రొమ్ము భాగం బయటపడుతుంది. ముందు వైపే సీసమున్న ఏప్రాన్ తొడుక్కుని, మందుల బండి వైపు తిరిగితే వీపంతా కిరణాలకు ఎదురు.

వీటిలో చాలా వరకు అమెరికాలోనూ ఉన్నవే. ఇక్కడ అడగడానికి మీ సంఘం ఉంది, మీరు రాసేది అక్కడికీ చేరుతుంది. పెదముత్తేవిలో పుట్టి, ఇక్కడ రేడియాలజిస్టుగా పేరు తెచ్చుకుని, ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాకు తొలి అధ్యక్షుడై, తర్వాత హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిని నడిపిన డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారిని తెలుగువాళ్ళం మరచిపోలేదు. ఇక్కడి పద్ధతి అక్కడికి ఎలా వెళ్తుందో ఆయన బతుకే చెబుతుంది. మీరు ఒక పేజీ రాస్తే దాన్ని మోసుకెళ్ళేవాళ్ళు మాలో ఉన్నారు.

ఆ పేజీలో ఏముండాలో టెక్నాలజిస్టుగా నాకు తోచింది చెబుతాను. ఫ్లోరో గదిలో ఏడాదిలో ఒక్క కేసు చేసినా సరే, అనస్థీషియా బృందంలో ప్రతి ఒక్కరికీ బ్యాడ్జీ ఉండాలి. అది కాలర్ దగ్గర, ఏప్రాన్ బయట పెట్టుకోవాలి, కంటికి ఎంత చేరుతోందో అంచనా దొరికేది అప్పుడే. మత్తు యంత్రం ఉన్న వైపున చక్రాల సీసపు తెర లేకుండా కేసు మొదలుపెట్టకూడదు. ఒంటి చుట్టూ తిరిగే ఏప్రాన్, కాలర్, సీసపు కళ్ళజోడు, ఎవరి కొలతకు వాళ్ళకు, ఆసుపత్రే కొనివ్వాలి. వెంటిలేటర్ ఆపే స్విచ్చు తెర వెనక నుంచి అందేలా గదిని అమర్చాలి. మందుల గొట్టాలు పొడుగ్గా ఉంటే చాలాసార్లు దగ్గరికి వెళ్ళే పనే ఉండదు, ఇది ఖర్చు లేని పని. అన్నిటికంటే నేను పట్టుబట్టేది ఒకటుంది. ప్రతి డీఎస్ఏకు ముందు చికిత్స చేసే డాక్టరు పైకి చెప్పాలి, మత్తు డాక్టరు “సరే” అన్నాకే పెడల్ నొక్కాలి. రోగి ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో తప్ప దీనికి మినహాయింపు ఉండకూడదు.

బరువు గురించి మీరు అడుగుతారని తెలుసు. సీసపు ఏప్రాన్ రోజంతా మోస్తే నడుము పోతుంది, నిజమే. చక్రాల తెర కావాలనడం అందుకే, తెర వెనక నిలబడ్డప్పుడు భుజాల మీద బరువు తగ్గించుకోవచ్చు. మోతాదులు చిన్నవేనని మరికొందరు అంటారు. ఒక కేసుకు చిన్నవే. ముప్పై ఏళ్ళ వృత్తికి ఎంతవుతుందో బ్యాడ్జీ లేకుండా ఎవరు లెక్కకడతారు? ఇది చదివి రోగులెవరూ బెదిరిపోవద్దు. మూసుకుపోయిన రక్తనాళం తెరవడానికి ఫ్లోరో కావాలంటే కావాల్సిందే. అందులో రోగికొచ్చే మేలు ముందు రేడియేషన్ వల్ల వచ్చే ముప్పు చాలా చిన్నది. రోజూ ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళ లెక్క వేరు, నేను మాట్లాడేది ఆ లెక్క గురించి.

అక్టోబరులో మీ వార్షిక సమావేశం జరుగుతుంది, హౌస్ ఆఫ్ డెలిగేట్స్ కూడుతుంది. ఇల్లినాయ్ నుంచి వెళ్ళే ప్రతినిధుల్లో తెలుగువాళ్ళుంటే ఈ ప్రతిపాదనను వాళ్ళే పెట్టాలని నా విన్నపం. ముసాయిదా రాసేవాళ్ళు ఒక్కసారి కేసు జరుగుతున్న న్యూరో గదికి రండి. టెక్నాలజిస్టులం చేతి మీటరు పట్టుకుని, మీ సభ్యుడు నిలబడే చోట, డాక్టరు నిలబడే చోట, గాజు వెనక మేము నిలబడే చోట, మూడుచోట్లా కొలిచి చూపిస్తాం. ఆ మూడు అంకెలు ముసాయిదా మొదటి పేజీలో రాసుకోండి.

ఇట్లు,
మీ పొరుగున ఉన్న ఒక రేడియాలజిక్ టెక్నాలజిస్ట్,
షామ్‌బర్గ్